పత్తి కరిగిన నీళ్ళు

పెట్టెలో చొక్కా లేదు.

కోటి ఇంకోసారి అడుగు దాకా చెయ్యి పెట్టి చూశాడు. పాత రేషన్ కార్డు, వల కుట్టే దారం ఉండ ఒకటి, ఎప్పటిదో ప్లాస్టిక్ పూలదండ, కర్పూరం బిళ్ళలు. నాలుగేళ్ళుగా వీటన్నిటి మీద మడతపెట్టి ఉండే నాన్న నీలం గళ్ళ చొక్కా మాత్రం కనిపించలేదు.

"ఎక్కడెట్టినావమ్మా?"

గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నిన్నే అడుగుతున్నాను. బాబు సొక్కా ఎక్కడెట్టినావ్?"

"నాకు తెలదు."

"నీకు తెలకపోతే ఇంకెవులికి తెలుస్తాది? తాళం నీ కొంగునే ఉన్నాది గదా."

ఆమె గింజను పళ్ళెంలోకి జారవిడిచింది. చిన్న చప్పుడయింది. ఆ చప్పుడే జవాబన్నట్టు ఇంకో గింజ తీయడం మొదలుపెట్టింది.

బయట అరుగు మీద ఎల్లాజీ దగ్గాడు. సముద్రంలో కనపడకుండా పోయిన కోటి తండ్రి అర్జునరావుకు ఆయన సొంత తమ్ముడు. జాలరుల పేటలో పెద్దలు ఏ మాట తేల్చినా దాన్ని గడప దాటించి లోపలికి తెచ్చే పని ఆయనది.

"ఒదినా, మంగళారం అని మాటయిపోనాది. అందరి ముందరా తలూపినావు."

"ఊపినాను."

"మరేటి?"

"తలూపితే సొక్కా ఇచ్చినట్టేటి?"

ఎల్లాజీకి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో మీసం వెనక తెలియలేదు.

కోటి పెట్టె మూత దబాలున వేశాడు. "నాలుగు రోజుల్లో వేట నిషేధం ఎత్తేస్తారు. బోట్లన్నీ ఎల్తాయి. బోటు సరంగు నాతో ఏటన్నాడో తెలుసా? బాబుకి కర్మ సెయ్యనోడు నా బోటెక్కితే వల ఖాళీగా వస్తాది, ముందది సూసుకుని రా అన్నాడు. పదిమంది ముందరన్నాడు. నాను తలొంచుకుని ఒచ్చినాను."

"సరంగుకేటి తెలుసు."

"నీకేటి తెలుసమ్మా? నాలుగేళ్ళయినాది. బోటు చెక్క దొరికినాది. నీళ్ళ డబ్బా దొరికినాది."

"మనిషి దొరకనేదు."

ఆ మాట దగ్గర ఇంట్లో ప్రతిసారీ ఒక గోడ లేచేది. ఇవాళా లేచింది. ఎవరూ దాన్ని దాటలేదు.

వంటింటి గుమ్మం పక్కన నిలబడ్డ చెల్లెలు సాయిదుర్గ తనవైపు తిరగబోయే మాట కోసం ఎదురుచూస్తోంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఇంట్లో ఏది పోయినా ఆమె గుండె ముందే తప్పు ఒప్పేసుకుని కూర్చునేది. తప్పేమిటో తరవాత తెలిసేది.

కోటి తిరగనే తిరిగాడు. "నువ్వేటి మాటాడవు? నువ్వే దాసుంటావ్. కిందటి వారం అమ్మకి టైమియ్యండి అని పెద్దోళ్ళకి నీతులు సెప్పినావు గదా."

"నాను పెట్టె ముట్టుకోనేదు అన్నియ్యా."

"ఊర్లో సింకి బట్టలన్నీ ఏరుకొచ్చుకుంటావు. ఇంట్లో ఒక్క బట్టకి దిక్కు నేదు."

దుర్గ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి చిరిగిన దుప్పట్ల పనికి పోతోందని పేటంతా అనే మాటే అది.

"కొత్త సొక్కా కొనీసి తొడిగేత్తే?" అన్నాడు కోటి ఎల్లాజీతో, గొంతు తగ్గించి.

"పనికిరాదురా. మనిషి దొరకనప్పుడు గడ్డిబొమ్మ కట్టి, ఆ మనిషి సెమట పట్టిన బట్ట దానికి తొడిగి కాల్సాల. ఆ బూడిదే మనిషనుకుని సముద్రంలో కలపాల. కొత్త బట్టకి సెమటేటి ఉంటాది?"

"మిగతా సొక్కాలన్నీ నువ్వే తొడిగి సింపేసినావు," అంది గంగాలమ్మ కొడుకు వైపు చూడకుండా, చింతపండుతో చెబుతున్నట్టు.

"తొడుక్కోమని నువ్వే ఇచ్చినావు."

"ఇచ్చినాను. మంచు నెలల్లో సలేస్తాదని ఇచ్చినాను."

కోటి ఇంకేదో అనబోయి చొక్కా చేతులు పైకి మడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఎల్లాజీ లేచాడు. "సాయంత్రానికి సొక్కా కనపడాలొదినా. నాను పెద్దోళ్ళకి మొకం సూపించాల," అని తువ్వాలు భుజాన వేసుకుని అతని వెనకే నడిచాడు.

* * *

ఇద్దరూ సందు మలుపు తిరిగే దాకా గంగాలమ్మ చెయ్యి ఆగలేదు. తరవాత ఆగింది.

"దుర్గా."

"ఊఁ."

"నీ గోతాం ఏదే?"

దుర్గకు మొదట అర్థం కాలేదు. గోడ మూల వైపు చూసింది. పేటలో వాళ్ళిచ్చే పాత బట్టల్ని తను పోగేసే గోనెసంచి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అందులో బట్టల గుండీలూ జిప్పులూ తీసిపెట్టడం అమ్మ మధ్యాహ్నపు పని. ఇప్పుడా మూల ఖాళీగా ఉంది.

"లచ్చివారం అట్టుకెల్పోనాను కదమ్మా."

"సోమారం కదా నువ్వు అట్టుకెల్లేది."

"ఈసారి సరుకు తగ్గిందని సార్ ముందే తెమ్మన్నారు. ఏం?"

గంగాలమ్మ చింతపండు పళ్ళేన్ని పక్కకు జరిపింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఒట్టిగా ఉండడం దుర్గ ఎప్పుడూ చూడలేదు.

"ఎవులూ ఎతకని సోటు అదొక్కటే అనుకున్నాను," అంది. "కోటిగాడికి ఆ గోతాం కంపు. దాని దరికి పోడు. నా సూపు పడితే తెలిసిపోతాదని నానూ ఆ మూలకి తిరగనేదు. సోమారం పొద్దున్న నువ్వు లెగక ముందే తీసేద్దునని..."

మాట అక్కడితో ఆగింది.

దుర్గ గోడకు ఆనుకుంది. లక్ష్మివారం ఉదయం ఒక్కసారిగా ఆమె చేతుల్లోకి వచ్చింది. మనసులోకి కాదు, చేతుల్లోకి.

ఆ రోజు తను పనిచేసే షెడ్డులో బట్టల్ని ముక్కలు కోసే మిషను బ్లేడు విరిగింది. "కొయ్యకుండా అలాగే వేసి చూద్దాం అమ్మాయ్," అన్నారు షెడ్డు యజమాని నరసింహమూర్తి గారు. ఆమె బల్ల దగ్గర కూర్చుని మిగిలిపోయిన గుండీలు కత్తిరించింది. ఒకటి తరవాత ఒకటి. ఒక చొక్కా జేబు దగ్గర వేలికి చిన్న చిన్న ముడులు తగిలాయి. గట్టి ముడులు. దర్జీ వేసేవి కావు, వల కుట్టే దారంతో వలకు వేసే ముడులే. వేలు ఆగింది. ఎంతసేపు? ఊపిరి తీసుకునేంత సేపు. తరవాత కత్తెర కదిలింది. చొక్కా తొట్టెలోకి వెళ్ళిపోయింది. ఆమె ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా బాగానే తింది.

తనకు తెలియలేదా? తెలియకపోతే వేలు ఎందుకు ఆగింది? తెలిస్తే ఎందుకు కదిలింది?

చిరిగిన జేబును నాన్న వలదారంతో కుట్టుకుంటుంటే "ఆడదాన్ని నానుండగా నీకేటి కర్మ" అని అమ్మ తిట్టడం, "నీ కుట్టు సేపకి ఆగదే" అని ఆయన నవ్వడం దుర్గకు బాగా తెలుసు. ఆ ముడి ఆమెకు తన పేరంత తెలుసు.

"తొట్టెలో ఏసేసినావా?" అంది తల్లి.

"ఏసేసినాను."

"ఉడికిపోనాదేటి?"

"ఉడకదమ్మా. మూడు రోజులు నానుతాది. ఇవాళే తీస్తారు."

గంగాలమ్మ లేచి కొంగు దోపుకుంది. "పద. నానొస్తాను."

* * *

మద్దిలపాలెంలో బస్సెక్కారు. దుర్గ ఫోను తీసి కోటికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను చివరిదాకా విన్నాడు. తరవాత, "ఎక్కడది మీ షెడ్డు?" అని మాత్రం అన్నాడు. చెప్పింది. పెట్టేశాడు.

గంగాలమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఇరవై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ ఊళ్ళో తిరగని వీధి లేదు కానీ, కూతురు పనిచేసే వైపు ఎప్పుడూ రాలేదు. రమ్మని దుర్గా పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఇప్పుడు తట్టింది: తన పని అమ్మకు అర్థం కాదని కాదు, అర్థమవుతుందేమోనని.

"నువ్వేటి సేత్తావే అక్కడ?"

"బట్టలో రెండు రకాల దారాలుంటాయమ్మా. ఒకటి పత్తి, రెండోది ప్లాస్టిక్ లాంటిది, పాలిస్టరు. రెండిటినీ కలిపి వడికేస్తారు. చూడ్డానికి ఒకటే దారం. అలా కలిసి ఉన్నంత కాలం ఆ పాతబట్ట ఎందుకూ పనికిరాదు. మళ్ళీ పత్తి పత్తిగా వాడలేం, పాలిస్టరు పాలిస్టరుగా వాడలేం. మేం విడదీస్తాం."

"ఎలగ? గోటితోటా?"

"గోటికి రాదు. ఎంజైమని ఒక పదార్థం. అది పత్తినొక్కదాన్నే తింటాది. రెండోదాని జోలికి పోదు."

కండక్టరు దువ్వాడ దువ్వాడ అని అరుస్తున్నాడు.

"ఏటి తినాలో దానికెలగ తెలుస్తాదే?"

దుర్గ అయిదేళ్ళు చదివింది, రెండేళ్ళుగా చేస్తోంది. అణువు ఆకారం, తాళం, తాళంచెవి అని పరీక్షలో రాసిన జవాబు ఉంది. కానీ అమ్మ అడిగింది ఆ ప్రశ్న కాదనిపించింది.

"అమ్మా, లచ్చివారం నా సెయ్యి..." అని మొదలుపెట్టింది.

గంగాలమ్మ కిటికీలోంచే చూస్తూ, "గోతాంలో ఎట్టినప్పుడు నీ పనేటో నాకు తెలదేటి," అంది. "సోమారం, సోమారం అని నాకు నానే సెప్పుకున్నాను."

బస్సు స్టీలు ప్లాంటు రోడ్డెక్కింది.

* * *

షెడ్డు ముందు నరసింహమూర్తి గారు చెప్పులు విప్పి పక్కకు పెడుతున్నారు. గోదావరి వైపు నుంచి నలభై ఏళ్ళ కిందట ఉద్యోగానికి వచ్చి, స్టీలు ప్లాంటు ల్యాబులో రిటైరైన మనిషి. ఏదో కంపెనీ పాతదని పారేసిన స్టీలు తొట్టెను తెచ్చి, దాని చుట్టూ వేడినీళ్ళ గొట్టాలు చుట్టించి, తన షెడ్డు తనే కట్టుకున్నారు. తొట్టె తెరిచే రోజు మాత్రం లోపలికి చెప్పులతో రారు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"అమ్మగారా అండీ? రండి రండి. అమ్మాయ్, కుర్చీ వెయ్యి."

దుర్గ విషయం చెప్పింది. చెబుతున్నంత సేపూ ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

"ఎంత పనైపోయిందమ్మా," అన్నారు చివరికి. "మీరు కోప్పడాలండీ. నన్ను కోప్పడండి. ముందే తెమ్మన్నది నేనేనండీ."

"కోప్పడ్డానికి రానేదు బాబూ. సూడ్డానికొచ్చినాను."

గంగాలమ్మ కూడా గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది.

గొలుసు లాగితే తొట్టె మూత పైకి లేచింది. వెచ్చని ఆవిరి వచ్చింది. పులిసిన గంజి వాసన, దానికింద ఏదో తియ్యని వాసన. నీళ్ళు లేత టీ రంగులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ ముక్కలు వేసేవాళ్ళు కాబట్టి ముక్కలే బయటికొచ్చేవి, తడిసిన దూది పేలికల్లా. ఇవాళ ఏం వస్తుందో తొట్టె కట్టినాయనకూ తెలియదు.

దుర్గ చేతితొడుగులు వేసుకుని పొడవాటి కర్రతో మొదటి బట్ట ఎత్తింది.

దుప్పటి. దుప్పటే, కానీ దాని అవతల గోడ మీద కేలండరు కనపడుతోంది. అంచు కుట్టు అలాగే ఉంది. హోటలు పేరు అలాగే ఉంది. నేత అలాగే ఉంది. దుప్పటిలో ఉండాల్సిన బరువు మాత్రం లేదు. ఎవరో దాన్ని లోపల్నుంచి ఖాళీ చేసి, ఆకారాన్ని వదిలేసి వెళ్ళారు.

నరసింహమూర్తి గారు ఒకడుగు వెనక్కి వేశారు. "ముప్ఫయ్యేళ్ళు కొలిమి పక్కన బతికానండీ," అన్నారు మెల్లగా. "ఇనుము నీళ్ళలా పారడం చూశాను. ఇలాంటిది చూడలేదు."

ఇది జరుగుతుందని దుర్గకు తెలుసు. కాగితం మీద తెలుసు. పత్తి పోతే పాలిస్టరు మిగులుతుంది, అది కూడిక తీసివేత. కానీ పోగు పక్కన పోగుగా, విడదీయలేనంతగా మెలిపడిన రెండిటిలో ఒకటి పూర్తిగా వెళ్ళిపోయి, రెండోది దాని చోటుని ఖాళీగా ఉంచి నిలబడి ఉండడం, దీన్ని ఏ కాగితమూ ఆమెకు చెప్పలేదు.

ఒక స్కూలు చొక్కా. ఒక నర్సు కోటు. రెండు దిండు గలీబులు. ఒక్కొక్కటే కడిగి తీగ మీద వేస్తున్నారు. ఎండ వాటిలోంచి దూరి నేల మీద పడుతోంది; వాటి నీడ కూడా పలచగా ఉంది.

తరవాత కర్రకు నీలం చిక్కింది.

ఎత్తే ముందే దుర్గకు తెలిసింది. ఈసారి మనసుకే తెలిసింది. కర్రను పక్కనపెట్టి రెండు చేతులతో తీసింది. మంచినీళ్ళ తొట్టెలో రెండుసార్లు జాడించింది. చొక్కా నీళ్ళలో తనంత తానే చేతులు చాపుకుంది.

గళ్ళున్నాయి. నీలం మాత్రం తెల్లవారుజామున సముద్రం మీద ఉండే నీలమంత పలచబడింది. కాలరు లోపలి గట్టిబట్ట కరిగిపోయి రెండు పొరలు చేపరెక్కల్లా వేలాడుతున్నాయి. జేబు పక్కన వలదారం ముడులు ఏడూ అలాగే, తెల్లగా, గట్టిగా ఉన్నాయి. బట్ట కరిగింది కానీ కుట్టు కరగలేదు.

గంగాలమ్మ చేతులు చాపింది. దుర్గ వాటిలో పెట్టింది.

ఆమె ఏడవలేదు. పైకెత్తి వెలుతురుకు పట్టింది. అందులోంచి కూతురి మొహం చూసింది, ముసలాయన మొహం చూసింది, తొట్టెను చూసింది. మొహానికి ఆనించి వాసన చూసింది. ఏదీ తగల్లేదన్నట్టు కళ్ళు తెరిచింది.

"ఇంత తేలికేటే?"

"పత్తి పోయిందమ్మా."

"ఎక్కడికి?"

"నీళ్ళలోకి."

"కొట్టుకుపోనాదా?"

"లేదు. ఇందులోనే ఉంది. సక్కెరలా మారిపోయి. అన్నం బాగా నమిల్తే నోట్లో తియ్యగా అవదేటి, అలాగే."

దుర్గ ఆపేలోపే గంగాలమ్మ వంగి తొట్టెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"అమ్మా, అది నోట్లో పెట్టకూడదండీ," అన్నారు నరసింహమూర్తి గారు కంగారుగా. "రంగులూ అవీ ఉంటాయండీ."

ఆమె వినలేదు. కళ్ళు మూసుకుని ఉంది. రేవులో చేప తాజాదో కాదో తేల్చేటప్పుడు ఆమె మొహం అలాగే ఉంటుంది. ఎవరి మాటా చెవిన పడదు.

"తియ్యగానే ఉన్నాది," అంది. "కొంచిం పులుపు." తరవాత, "ఎన్ని బట్టలేసినావే ఇందులో?"

"ముప్పైరెండు."

"అందరిదీ కలిసిపోనాదన్నమాట."

"అవునమ్మా." ఆ ఒక్క మాట అనడానికి దుర్గకు చాలా బలం కావలసి వచ్చింది. "ఇది నాన్నది, ఇది కాదు అని తియ్యలేం."

గంగాలమ్మ తొట్టెలోకి చూస్తూ నిలబడింది. "సముద్రంలో మటుకు ఆయనొక్కడే ఉన్నాడేటి," అంది.

నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె నోట ఆయన సముద్రంలో ఉన్నాడన్న మాట వచ్చింది. ఆ మాట అన్నట్టు ఆమెకు తెలిసిందో లేదో దుర్గకు అర్థం కాలేదు.

* * *

కోటి బండి గేటు దగ్గర ఆగింది. హెల్మెట్టు తియ్యకుండానే లోపలికొచ్చాడు. మాటలన్నీ దారి పొడవునా సిద్ధం చేసుకున్నట్టున్నాడు, నోరు తెరిచే వచ్చాడు. తల్లి చేతుల్లో చొక్కాను చూసి ఆగిపోయాడు. హెల్మెట్టు తీశాడు. దగ్గరికొచ్చి జేబు మీది ముడులు వేలితో తడిమాడు, ఒకటి, రెండు, చివరిదాకా.

"బాబు ముడే," అన్నాడు.

చెల్లెలి వైపు తిరిగాడు.

"ఇదేటే దుర్గా ఇలగ సేసినావు? బాబుని గాజు సేసేసినావు."

"తెలీకుండా జరిగిపోనాది అన్నియ్యా," అంది. అన్నాక ఆ మాట నాలిక మీద రాయిలా ఉంది.

కోటి ముక్కు ఎగబీల్చి, భుజాలు నిలబెట్టుకున్నాడు. "సరే. ఉన్నాది గదా. ఇదే సాలు. బొమ్మకి ఇదే తొడుగుదాం. సిన్నాన్నకి నాను సెప్పుకుంటాను."

దుర్గ నరసింహమూర్తి గారి వైపు చూసింది. ఆయన నేల వైపు చూశారు. ఆమే చెప్పాలి.

"అది కాలదు అన్నియ్యా."

"కాలదేటి? బట్ట కాలదా?"

"కరుగుతాది. నల్లగా ముద్ద కట్టి బొట్లు బొట్లుగా పడతాది. బూడిద రాదు."

"మరి బూడిదేదే?"

"బూడిదయ్యేది పత్తి." దుర్గ తొట్టె వైపు చూపించింది. "అది ఇందులో ఉంది."

కోటి తొట్టె అంచు మీద చేతులు పెట్టి లోపలికి చూశాడు. టీ రంగు నీళ్ళలో అతని మొహం కదిలింది. పొద్దుటి నుంచి ఉన్న కోపమంతా నిలవడానికి ఒక మనిషి కావాలి. నీళ్ళ మీద నిలవలేకపోయింది.

"అయితే నాకింక బోటు నేదు," అన్నాడు. కోపం లేకుండా అన్నాడు. అది ఇంకా భయంగా ఉంది.

గంగాలమ్మ కొడుకు వెన్ను వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో దుర్గ లెక్కించలేని ఏదో జరుగుతోంది. పెట్టె తాళం కొంగున కట్టుకున్న నాలుగేళ్ళూ, చింతపండు గింజలూ, గోనెసంచి, అన్నీ లోపల ఎక్కడో కరిగి, రెండుగా తేలుతున్నాయి.

"బాబూ, ఒక డబ్బా ఉంటే ఇప్పించండి," అంది నరసింహమూర్తి గారితో.

ఆయన కడిగిన తెల్ల డబ్బా తెచ్చారు. పిడి ఉన్నది. ఆమె తనే ముంచింది. మూత బిగించి కోటి చేతిలో పెట్టింది.

"ఇంద. అట్టుకెల్లు. ఇదే బూడిదనుకో. నీ బాబుకి నువ్వు సేసుకో."

"నువ్వొప్పుకున్నావా?"

"నీ బాబుకి అన్నాను."

కోటికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "మరి సొక్కా?"

గంగాలమ్మ తడి చొక్కాను దులిపి, ఒక చెయ్యి, తరవాత రెండో చెయ్యి దూర్చి చీర మీద తొడుక్కుంది. రేవులో ఐసు మోసే ఆడవాళ్ళంతా మగవాళ్ళ చొక్కాలు అలాగే తొడుక్కుంటారు. అందులో వింతేమీ లేదు. కానీ చొక్కాలోంచి ఆమె చీర పసుపురంగూ, నల్లపూసలూ, బిగించిన కొంగూ అన్నీ కనపడుతున్నాయి. ఆమె దాని లోపలా ఉంది, బయటా ఉంది.

"నా మొగుడు నాకాడుంటాడు," అంది. "పదండి. బస్సు దాటిపోతాది."

* * *

పేటకు చేరేసరికి పొద్దు వాలలేదు. ఎల్లుండి మంగళవారానికని ఎల్లాజీ మనుషులు అప్పుడే గడ్డి తెచ్చి సందు మొగలో బొమ్మ కడుతున్నారు. కాళ్ళు కట్టడం అయింది. చేతులు కట్టాలి. నలుగురు పెద్దలు చాప మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి గంగాలమ్మ ఒంటి మీది చొక్కాను చూసి మాటలు ఆపేశారు.

కోటి డబ్బాను ఎల్లాజీ ముందు పెట్టి జరిగింది చెప్పాడు. తెలిసినంత చెప్పాడు. చాప మీద ఒకాయన మధ్యలో నవ్వబోయి పక్కవాళ్ళను చూసి మానుకున్నాడు.

ఎల్లాజీ మూత విప్పి వాసన చూశాడు. వదిన వైపు చూశాడు. ఆమె ఒంటి మీద అన్న జేబు, దానిమీద ముడులు. చాలాసేపటికి మూత పెట్టాడు.

"దుర్గా, ఇలా రా."

ఆమె వెళ్ళింది.

"నాను సదువుకోనోడిని. పెద్దోళ్ళు నా మాట ఇంటారు. నాను నీ మాట ఇంటాను. ఇందులో మా అన్నున్నాడా?"

సాయిదుర్గకు ఆ డబ్బాలో ఎంత చక్కెర ఉందో తెలుసు. చొక్కాలో పత్తి ముప్పైఅయిదు పాళ్ళనీ, మిగతాది అమ్మ ఒంటి మీద ఉందనీ తెలుసు. ఇంకో ముప్పయ్యొక్క బట్టల పత్తి అందులో ఉందనీ తెలుసు. చెమట మొదటి రోజు కడిగినప్పుడే కాలవలోకి పోయిందనీ తెలుసు. ఎల్లాజీ అడిగినదానికి ఇందులో ఏదీ జవాబు కాదు.

కోటి ఆమె వైపు చూడటం లేదు. గడ్డిబొమ్మ వైపు చూస్తున్నాడు. లేడంటే అతనికి సముద్రం లేదు. ఉన్నాడంటే అమ్మ తొడుక్కున్నది ఒట్టి బట్ట. ఆ రోజు బల్ల దగ్గర వేలు ఆగినంత సేపు ఆమె ఆగింది. ఈసారి మాత్రం ఎటు కదులుతోందో తెలిసే కదిలింది.

"ఉన్నాడు సిన్నాన్నా," అంది.

ఎల్లాజీ తలూపాడు. చాప మీద పెద్దలు ఒకరి తరవాత ఒకరు తలలూపారు. మంగళవారం దాకా ఎందుకు, నీళ్ళు నిలవుంచకూడదు అని ఎవరో అన్నారు. కట్టిన గడ్డికాళ్ళను ఎవరో విప్పేశారు. కోటి డబ్బా అందుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, సముద్రం వైపు తిరిగాడు.

అప్పటికే గంగాలమ్మ ముందు నడుస్తోంది.

ఇలాంటప్పుడు ఆడవాళ్ళు రేవుకు రారు. "ఒదినా," అన్నాడు ఎల్లాజీ. ఇంకోసారి అనలేదు. ఆమె లాగిపెట్టిన పడవల మధ్య నుంచి, ఆరేసిన వలల పక్క నుంచి తడి ఇసక దాకా వెళ్ళి, నీళ్ళు తగిలేచోట ఆగి, వెనక్కి తిరిగింది. మగవాళ్ళంతా ఆమెకు ఎదురుగా నిలబడిపోయారు.

"డబ్బా ఇటియ్యి కోటీ."

"నాను సెయ్యాలమ్మా. నువ్వే కదా నీ బాబుకి సేసుకోమన్నావు."

"అన్నాను. అప్పటికి అందులో ఆయన ఉన్నాడని ఎవులూ సెప్పనేదు." ఆమె దుర్గ వైపు చూడలేదు. "ఇప్పుడు నా కూతురు సెప్పినాది. ఉన్నోడైతే నా సేత్తోనే సముద్రంలో ఒగ్గుతాను."

"నువ్వు ఒగ్గితే కర్మ నాను సేసినట్టు కాదమ్మా. సరంగు ఒప్పుకోడు."

గంగాలమ్మ చెయ్యి చాపే ఉంచింది. కోటి ఎల్లాజీ వైపు చూశాడు. ఎల్లాజీ పెద్దల వైపు చూశాడు. పెద్దలు దుర్గ వైపు చూశారు, మాట ఆమే మొదలుపెట్టింది కాబట్టి.

కెరటమొకటి వచ్చి తల్లీకొడుకుల కాళ్ళను తడిపి వెనక్కి పోయింది. కోటి డబ్బా పిడి వదల్లేదు. ఆమె చెయ్యి దించలేదు.